కుట్టిన కుళ్ళాయి, చుట్టిన పేట

పోయిన మాఘమాసంలో కోలారులో మా చిన్నాయన కూతురి పెళ్ళి జరిగింది. ఎదురుకోలుకు ముందు డెకరేషన్ వాళ్ళు ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చి ఛత్రం గుమ్మం దగ్గర పెట్టినారు. తెరిస్తే లోపల ముప్పై మైసూరు పేటలు, గిన్నెలు పేర్చినట్టు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉన్నాయి. మెరూన్ రంగు, అంచున జరీ. మా ఇంటి మగవాళ్ళందరూ తలా ఒకటి పెట్టుకుని మగపెళ్ళివాళ్ళను ఎదుర్కోవాలని చిన్నాయన ఆశ.

మగపెళ్ళివాళ్ళది అనంతపురం. ముందుగా వచ్చిన వాళ్ళలో ఒకాయన్ని "మీరూ పేట పెట్టుకోండి" అంటే, "ఏ పేట? నరసరావుపేటా, బేగంపేటా?" అని నవ్వినాడు. అందరం నవ్వినాం. మా పెదనాయన మాత్రం నవ్వలేదు. ఒక పేటను చేతిలోకి తీసుకుని, తిరగేసి లోపల చూసి, మళ్ళీ పెట్టెలోనే పెట్టేసి, "ఇది మనది కాదు" అన్నారు.

అన్నది ఆ ఒక్క మాటే. చిన్నాయన ముఖం మాడిపోయింది. "ఇన్ని తరాలుగా ఇక్కడి నీళ్ళు తాగి, ఇక్కడి స్కూళ్ళలో చదువుకుని, ఇంకా కన్నడం వాళ్ళది తెలుగోళ్ళది అంటావాన్నా?" అన్నాడు. పెదనాయన ఏం బదులు చెప్పలేదు. బయటికి పోయి మామిడిచెట్టు కింద కుర్చీ వేసుకుని కూచున్నారు. ఆ పెళ్ళి గ్రూపు ఫోటోలో ముప్పై పేటలు ఉన్నాయి, పెదనాయన లేరు.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రెండు స్క్రీన్లు పక్కపక్కన పెట్టుకుని, ఇది ఎట్లా ఉండాలి, ఎట్లా ఉంది అని తేడాలు వెతకడమే రోజంతా చేసేది. ఆ అలవాటు ఇంట్లో కూడా పోదు. పెళ్ళి అయిన వారానికి మా పాత ఫోటో ఒకటి బయటికి తీసినాను. ఇంతకు ముందు ఇక్కడ పెట్టిన ఫోటోయే. మా ముత్తాత నల్లకోటు, పంచెతో కుర్చీలో కూచుని ఉంటారు. ఒళ్ళో మూడేండ్ల పిల్లాడు, ఆయనే మా తాత. నేను ఆ ఫోటోను వంద సార్లు చూసి ఉంటాను. అయినా తలల మీద ఏముందో ఎప్పుడూ గమనించలేదు. ముత్తాత తల మీద పేట ఉంది. తాత తల మీద గడ్డం కింద నాడాతో కట్టిన చిన్న గుడ్డ టోపీ ఉంది. మేం దాన్ని కులావి అంటాం. కన్నడంలోనూ అదే మాట. ఆంధ్ర వైపు చెప్పాలంటే కుళ్ళాయి. (మా ఆఫీసులో ఒక విజయవాడ అమ్మాయికి ఈ మాట చెబితే నీళ్ళు వచ్చే కుళాయి అనుకుంది. దానికీ దీనికీ ఒత్తు ఒక్కటే తేడా.)

ఒకే ఫోటోలో రెండు. రెండూ మెత్తటి గుడ్డలే. ఇనుము లేదు, తోలు లేదు, గట్టి అట్ట లేదు. కానీ ఈ రెండూ పూర్తిగా వేరు జాతులు.

కుళ్ళాయిని కుడతారు. అంటే దర్జీ కావాలి, కత్తెర కావాలి, తల కొలత కావాలి. ఒకసారి కత్తిరించిన గుడ్డ ఇంక ఎప్పటికీ టోపీయే. దాని ఆకారం కుట్టులోనే ఉంటుంది కాబట్టి తల మీద ఉన్నా మేకుకు తగిలించినా దాదాపు అట్లాగే ఉంటుంది. ఎవరైనా పెట్టుకోవచ్చు. పెట్టుకోవడానికి ఏ విద్యా అక్కర్లేదు.

తలపాగాకు కత్తెర తగలదు. రుమాలనండి, పాగా అనండి, పేట అనండి, అది మగ్గం మీద నుంచి దిగిన గుడ్డ దిగినట్టే ఉంటుంది. దాని ఆకారం గుడ్డలో లేదు, చుట్టే చేతిలో ఉంది. ఒక చుట్టు బిగువు ఇంకో చుట్టును పట్టుకుని ఉంటుంది, చివరి కొనను లోపలికి దోపితే మొత్తం నిలబడుతుంది. విప్పితే మళ్ళీ గుడ్డే. పొలంలో ఉన్నవాడికి అదే తువ్వాలు, అదే తలగడ, అదే చింతకాయలు మూటగట్టే గుడ్డ, బావిలో చెంబు పడితే అదే తాడు. ఒకే గుడ్డను పదిమంది చేతికి ఇస్తే పది రకాల తలపాగాలు వస్తాయి. చుట్టును బట్టే ఏ ఊరివాడో, ఏ పని చేసేవాడో పెద్దవాళ్ళు గుర్తుపట్టేవాళ్ళు. టోపీని చూస్తే ఎవరు ఇచ్చినారో తెలుస్తుంది. తలపాగాను చూస్తే పెట్టుకున్నవాడే తెలుస్తాడు.

ఈ తేడా మనసులో పెట్టుకుని చూస్తే మన పాత చరిత్ర కొంచెం వేరేగా కనబడింది నాకు.

కుళ్ళాయి సంగతి ముందు. ఆ మాట పారశీక భాషలోని కులాహ్ నుంచి వచ్చింది. అంటే టోపీ. తెలుగులో ఆ మాట గురించి అందరికీ గుర్తొచ్చే మనిషి శ్రీనాథుడు. కొండవీడు రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా వెలిగినవాడు, తర్వాత ప్రౌఢదేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చినాడు. ప్రౌఢదేవరాయలు ఏలింది 1424 నుంచి 1446 దాకా. అక్కడ డిండిమభట్టును వాదంలో ఓడించి, కంచుఢక్క పగలగొట్టించి, కనకాభిషేకం చేయించుకున్నాడని చెప్పుకుంటాం. అయితే ఆ గెలుపుకు ముందు రాజదర్శనం దొరక్క పడిన పాట్లు ఒక చాటువులో ఉన్నాయి. తల మీద కుళ్ళాయి పెట్టుకున్నాననీ, ఒళ్ళంతా కప్పే అంగీ తొడుక్కున్నాననీ, అలవాటు లేని వెల్లుల్లి తిన్నాననీ, ఇంకా దయ రాలేదా అనీ కన్నడ రాజ్యలక్ష్మిని అమ్మా అని పిలిచి మొర పెట్టుకుంటాడు.

నేను కన్నడ మీడియంలో చదివినదాన్ని. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నది ఉద్యోగం వచ్చినాక. ఆ పద్యం అర్థం మొదటిసారి తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చింది, వెంటనే నవ్వు ఆగిపోయింది. అంత పెద్ద కవి కూడా కన్నడ దేశానికి వచ్చినాక ముందు చేసిన పని, తల మీద ఉన్నదాన్ని మార్చుకోవడం. మొదటిసారి బెంగళూరులో కాలేజీకి పోయినప్పుడు మాలూరు తెలుగు యాసను దాచుకోవడానికి నేను పడిన తంటాలు గుర్తొచ్చినాయి.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. శ్రీనాథుడికి కన్నడ వేషంగా కనబడిన ఆ కుళ్ళాయి కన్నడం వాళ్ళది కూడా కాదు. బహమనీ సుల్తానులతో ఒక పక్క యుద్ధాలు, ఇంకో పక్క రాకపోకలు. ఆ రాకపోకల్లో గుర్రాలతో పాటు కొలువు మర్యాదలూ వచ్చినాయి, బట్టలూ వచ్చినాయి. కబాయి అనే పొడుగాటి అంగీ, దాని మీదికి కుళ్ళాయి. ఫిలిప్ వాగనర్ అనే అమెరికా చరిత్రకారుడు 1996లో దీని మీదే ఒక పెద్ద వ్యాసం రాసినాడు. విజయనగర రాజులు హిందూరాయ సురత్రాణ అనే బిరుదు పెట్టుకున్నదీ, కొలువులో ఈ వేషం వేసుకున్నదీ ఒకే ఆలోచనలో భాగమని ఆయన వాదం. వాళ్ళ మతం మారలేదు. అప్పట్లో గుజరాత్ నుంచి పర్షియా దాకా రాజంటే ఎట్లా ఉండాలని ఒక లెక్క ఉంది, ఆ లెక్కలోకి వీళ్ళూ చేరినారు. ఇప్పుడు మనం ఇంటర్వ్యూకు టై కట్టుకుని పోయినట్టే.

ఆ టోపీ ఎట్లా ఉండేదో చూసినవాళ్ళు రాసి పెట్టినారు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్, కృష్ణదేవరాయల తల మీద జరీ పని చేసిన టోపీ ఉందనీ, అది తమ వైపు గలీసియా శిరస్త్రాణం ఆకారంలో ఉందనీ, పైన సన్నటి పట్టుగుడ్డ కప్పి ఉందనీ వర్ణించినాడు. రాయల కాళ్ళకు చెప్పులు లేవని కూడా గమనించినాడు. ఆయన తర్వాత వచ్చిన నూనిజ్ కూడా ఈ ఎత్తు టోపీల గురించి రాసినాడు. ఆయన రాసిన పేరు చదివితే మన కుళ్ళాయి మాటే పోర్చుగీసు నోట్లో నలిగినట్టు ఉంటుంది.

రాతల కన్నా నాకు బొమ్మలే నమ్మకం. తిరుమలలో మహాద్వారం దాటగానే కుడిచేతి పక్క మండపంలో కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. క్యూలో తోపులాటలో చాలామంది చూడకుండానే దాటిపోతారు. ఈసారి పోయినప్పుడు ఒక్క క్షణం రాయల తలను చూడండి. ఒంటి మీద చొక్కా లేదు, పంచె ఉంది, నగలు ఉన్నాయి. దేవుడి ముందు నిలబడే పద్ధతి అదే కదా. కానీ తల మీద నిటారుగా పొడుగాటి కుళ్ళాయి అట్లాగే ఉంది. కబాయి విప్పేసినా కుళ్ళాయి తీయలేదు. తీస్తే ఆయన రాయలు అని ఎట్లా తెలుస్తుంది?

తిరుమలలో నిలబడి చూసే వీలు లేదు కాబట్టి పోయిన శ్రావణంలో లేపాక్షికి పోయినాం. మాకు బాగేపల్లి దాటి, కోడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగితే దగ్గరే. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు వీరభద్రస్వామి గుడి కట్టించి, పైకప్పు నిండా రంగుల బొమ్మలు వేయించినారు. అందరూ అక్కడ ఆడవాళ్ళ చీరల అంచులు చూస్తారు, ఫోటోలు తీసుకుని డిజైన్లు నేయించుకుంటారు. మా వదిన కూడా అదే పని మీద ఉండింది. నేను మెడ పైకెత్తి మగవాళ్ళ తలలు చూసినాను. విరూపణ్ణ, వీరణ్ణ, వాళ్ళ వెనక పరివారం. వరసగా కుళ్ళాయిలే. పొడుగ్గా ఉండి కొన వెనక్కి కొద్దిగా వంగినవి, మీద పూలూ గీతలూ వేసినవి. గుడ్డ మెత్తన అని ఆ వంపులోనే తెలుస్తుంది. ఏ తల చూసినా ఒకే అచ్చు. చెప్పినాను కదా, టోపీని చూస్తే ఇచ్చినవాడు తెలుస్తాడు. ఆ బొమ్మలో కనబడేది విజయనగరం కొలువు.

మరి ఆ కొలువు పోయినాక? 1565లో యుద్ధం ఓడిపోయి రాజధాని పెనుగొండకు మారింది, తర్వాత ఇంకా తూర్పుకు జరిగింది. కొలువుతో పాటు ఆ వేషానికి ఉన్న విలువా కరిగిపోయింది. ఇచ్చేవాడు లేని టోపీని ఎవరు పెట్టుకుంటారు? కానీ మాట చచ్చిపోలేదు. బ్రౌన్ నిఘంటువులో కుళ్ళాయి అంటే మామూలు టోపీ అనే ఉంటుంది. మా వైపు ఇంకా కిందికి దిగి, చంటిపిల్లల టోపీ అయింది. కృష్ణదేవరాయల తల మీద ఉన్నది మా తాత మూడేండ్ల తల మీదికి వచ్చి కూచుంది, గడ్డం కింద నాడా కట్టుకుని. ఇంకో దారిలో అది పైకి కూడా పోయింది. అనంతపురం జిల్లా నార్పల దగ్గర గూగూడులో కుళ్ళాయిస్వామి ఉన్నాడు. మొహర్రానికి హిందువులూ ముస్లిములూ కలిసి వేలమంది పోతారు. కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అని పేర్లు ఆ వైపు ఇండ్లలో రెండు మతాల్లోనూ ఉంటాయి. మా కొత్త అల్లుడి మేనమామ పేరు కూడా కుళ్ళాయప్పే. పేరు చెప్పి పరిచయం చేసుకున్నప్పుడు నేను ఆయన తల వైపు చూసినాను, పాపం ఆయనకు అర్థం కాలేదు.

ఇంక తలపాగా. మన నేల మీద ఇది కుళ్ళాయి కన్నా చాలా పాతది. అమరావతి స్తూపం శిల్పాల్లో, అంటే పద్దెనిమిది వందల ఏండ్ల కిందట, మగవాళ్ళు పెద్ద ముడి వేసిన పాగాలతో కనబడతారు. చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో ఉన్నాయి, పోయినవాళ్ళు చూడండి. మాటలు మాత్రం వచ్చి చేరుతూనే ఉన్నాయి. రుమాలు అనేది పారశీకం, ముఖం తుడుచుకునేది అని దాని అర్థం. పేట అన్నా మరాఠీ వాళ్ళ ఫేటా అన్నా వినడానికి అన్నదమ్ముల మాటల్లాగే ఉంటాయి. అన్నిటికన్నా పాతది, మా అవ్వ వాడేది, తలగుడ్డ. దానికి ఏ నిఘంటువూ అక్కర్లేదు.

మైసూరు సంస్థానంలో ఈ తలగుడ్డ గవర్నమెంటు ఉద్యోగంలో చేరింది. పట్టుగుడ్డ, జరీ అంచు, మడత మీద మడత చదునుగా వచ్చేటట్టు బిగుతు చుట్టు, ముందువైపు జరీ వాలుగా కనబడాలి. మైసూరు ప్యాలెస్‌లో కల్యాణమంటపం గోడల మీద దసరా ఊరేగింపు బొమ్మలు చూసి ఉంటారు. ఫోటోలు చూసుకుని, నిజంగా ఉన్న మనుషుల ముఖాలనే వేసినారు. ఎన్ని పేటలో! లేపాక్షి పైకప్పు చూసిన కంటితో ఆ గోడ చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఇక్కడా కొలువే, ఇక్కడా వరసలే. కానీ ఏ రెండు తలలూ అచ్చు ఒకటిగా లేవు. ఒకరిది కొంచెం ఎడమకు ఒరిగింది, ఒకరిది నుదుటి మీదికి దిగింది. పొద్దున్నే ఎవరిది వాళ్ళు చుట్టుకుని వచ్చినారు కదా.

మా ముత్తాత అంత పెద్ద మనిషి కాదు. శానుభోగులు, తెలుగులో చెప్పాలంటే కరణం. మామూలు రోజుల్లో తలకు తువ్వాలే. ఏడాదికొకసారి జమాబందికి అమల్దారు ముందు లెక్కలు పెట్టాల్సిన రోజు మాత్రం పెట్టెలోంచి పేట బయటికి వచ్చేదట. ఆ ఫోటో కూడా అట్లాంటి రోజు తీయించుకున్నదే అని మా ఇంట్లో చెప్పుకుంటారు. కన్నడంలో దస్త్రాలు రాసి, ఇంటికి వచ్చి తెలుగులో అన్నం అడిగిన మనిషి. ఆయన తల మీద ఉన్నది ఏ భాష వాళ్ళదని తేల్చాలి?

దీనికి మా జిల్లావాడే ఒకాయన సాక్షి ఉన్నాడు. మైసూరు పేట అనగానే కర్ణాటకలో చిన్నపిల్లలకు కూడా గుర్తొచ్చే ముఖం విశ్వేశ్వరయ్యగారిది. మా స్కూల్లో సెప్టెంబరు 15న ఆయన ఫోటోకు పూలదండ వేసేవాళ్ళం. కోటు, టై, పేట. పుట్టింది అప్పటి కోలారు జిల్లా ముద్దేనహళ్ళిలో. ఇంటిపేరు మోక్షగుండం. అది ప్రకాశం జిల్లా వైపు ఊరు, ఆయన పూర్వీకులు అక్కడి నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాను. ఏడో తరగతిలో మా టీచరు ఈ సంగతి చెప్పలేదు, నాకూ ఇంటిపేరు చూసి అనుమానం రాలేదు. మోక్షగుండం అనేది ఊరి పేరని తెలిసిన రోజు ఇంట్లో అందరికీ ఫోన్ చేసి చెప్పినాను.

ఆయన దివానుగా ఉన్నప్పుడు 1916లో మైసూరు విశ్వవిద్యాలయం మొదలైంది. రెండేండ్లకు అక్కడికి తత్వశాస్త్రం చెప్పడానికి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చినారు. ఆయనా మనలాంటివారే. ఇంటిపేరు నెల్లూరు జిల్లా ఊరిది, పుట్టింది తిరుత్తణిలో. ఆయన తల మీద ఉన్నది కూడా చుట్టినదే, తెల్లటిది. ఈ ఇద్దరి ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ తెలుగు ఇంటిపేర్ల వాళ్ళు, ఇద్దరూ ఇప్పటి తెలుగు రాష్ట్రాల బయట పుట్టినవాళ్ళు, ఇద్దరిదీ తలపాగాయే. చుట్టు మాత్రం ఎవరిది వాళ్ళదే. ఇద్దరి ముఖాలూ చెరిపేసినా ఆ చుట్టును చూసి ఎవరు ఎవరో చెప్పేయవచ్చు.

1920 తర్వాత గాంధీ టోపీ వచ్చింది. మళ్ళీ కుట్టినదే. మడిచి జేబులో పెట్టుకోవచ్చు, ఎవరికైనా సరిపోతుంది, అందరిదీ ఒకే తీరు. ఉద్యమానికి కావాల్సిందీ అదే. తర్వాత అదీ పోయి తలలన్నీ ఖాళీ అయినాయి. పేట ఆఫీసులోంచి సన్మానాల్లోకి పోయింది. శాలువా, గంధపుహారం, పండ్లబుట్ట, పేట. ఆ సన్మానాలకు పొద్దున ఎవరు చుడతారు, అంత తీరిక ఎవరికి ఉంది? చుట్టు చుట్టినట్టే కనబడేలా మడతలు మడిచి, లోపల అట్టో గుడ్డ టోపీయో పెట్టి, జిగురుతో అంటించి, కుట్టేసినారు. సైజులు చిన్నది, మధ్యది, పెద్దది.

ఇక్కడికి వచ్చేసరికి నాకు పెదనాయన గుర్తొచ్చినారు. పెళ్ళిలో ఆ పేటను తిరగేసి లోపల చూసినారు కదా.

ఉగాదికి ఊరికి పోయినప్పుడు అడిగినాను. "పెదనాయనా, ఆరోజు మనది కాదు అన్నారే, కన్నడం వాళ్ళది అనేనా?" ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసినారు. "కన్నడం ఏంది తెలుగు ఏంది పాపా. మా తాత పేట చుడితే అరగంట పట్టేది. అది విప్పితే ఇంటి వాకిలి దాటేది. వాడు తెచ్చింది విప్పు చూద్దాం, ఏం వస్తాది? అట్ట వస్తాది. దాన్ని పేట అంటారా? అది టోపీ. మగపెళ్ళివాళ్ళకు టోపీ పెట్టేదానికా మనం నిలబడింది?"

టోపీ పెట్టడం అంటే మోసం చేయడం, తెలుగులోనూ అంతే, కన్నడంలోనూ అంతే. ఆ ఒక్క సామెత దగ్గర రెండు భాషలకూ పేచీ లేదు.

చిన్నాయనకు ఫోన్ చేసి ఈ మాట చెప్పినాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ మాట ఆరోజే చెప్పి ఉంటే బాగుండు కదమ్మా. ఒక్కటన్నా నిజంగా చుట్టించి ఉందును" అన్నాడు. ఎవరితో చుట్టిస్తావు చిన్నాయనా అని అడిగితే ఆయన దగ్గరా జవాబు లేదు. పెదనాయనకు చుట్టడం రాదు. మా నాయనకు రాదు. తాత పోయి ఇరవై ఏండ్లు దాటింది.

అవ్వ ఉంది. ఎనభై ఆరు ఏండ్లు. అటక మీద ట్రంకుపెట్టెలో అడుగున, నాఫ్తలిన్ ఉండల వాసనతో, ముత్తాత పేటగుడ్డ ఉంది. బయటికి తీసి నడవలో పరిచినాం. టేపు పెట్టి కొలిస్తే ఏడు మీటర్లకు నాలుగు వేళ్ళు తక్కువ. జరీ నల్లబడింది, మడతల దగ్గర పట్టు చిట్లింది. మధ్యలో ఒకచోట చమురు మరక ఉంది, ఎవరి తలదో తెలియదు. ముత్తాత తర్వాత తాత కూడా పెళ్ళిళ్ళకు ఇదే చుట్టుకునేవారట.

"నీకు చుట్టేది తెలుసా అవ్వా?"

"నాకెట్ల తెలుస్తుంది పాపా? చుట్టుకునేది మీ తాత. నేను ఈ కొన పట్టుకునేదాన్ని."

ఏడు మీటర్ల గుడ్డను ఒక్కడే మడత పెట్టుకోలేడు. ఒకరు ఒక కొన పట్టుకుని నడవ ఈ చివర నిలబడాలి, ఇంకొకరు ఆ చివర. ఇద్దరూ కలిసి నిలువునా మడతలు వేసి, జరీ బయటికి వచ్చేలా సర్ది, లాగి పట్టుకోవాలి. అక్కడి నుంచి చుట్టేవాడు తల మీద తిప్పుకుంటూ దగ్గరికి వస్తాడు, పట్టుకున్నవాళ్ళు బిగువు సడలకుండా కొంచెం కొంచెంగా వదులుతూ రావాలి. గట్టిగా లాగితే ముందు చుట్టు జారిపోతుంది, వదిలేస్తే వదులుగా కూచుంటుంది. పెళ్ళయిన ఏడాది నుంచి ఆ పని అవ్వదే. చుట్టే చేతిలోనే ఆకారం ఉందని పైన రాసినాను కదా, అది సగమే నిజం. తాత చేతుల్లో ఉన్నది పోయింది. అవ్వ చేతుల్లో ఉన్నది ఉంది.

పెదనాయనను కుర్చీలో కాదు, నిలబెట్టినాం. యూట్యూబులో ఒకాయన చుట్టేది చూసి తాత వైపు పని నేను చేసినాను. అవ్వ స్తంభానికి ఆనుకుని కొన పట్టుకుంది. మూడు చుట్లకు అంతా జారి పెదనాయన మెడలో హారంలాగా పడింది. "నువ్వు తొందరపడతావు. ఆయన ప్రతి చుట్టుకూ ఒక్కసారి ఆగేవాడు. ఆగినప్పుడు నేను ఒక జానెడు వదిలేదాన్ని" అంది అవ్వ. రెండోసారి ఆగినాను. నాలుగో చుట్టు నిలబడింది, జరీ మాత్రం లోపలికి పోయింది. మూడోసారికి అవ్వకు చేయి నొప్పి పుట్టింది, కాఫీ పెట్టమంది.

గుడ్డ చిట్లుతా ఉంది కాబట్టి దాంతో ఇంక అభ్యాసం చేయకూడదని అనుకున్నాం. చిన్నాయన చిక్కపేటకు పోయి ఏడు మీటర్ల మామూలు మల్లు గుడ్డ తెస్తానన్నాడు. దసరా సెలవులకు అందరం ఊర్లోనే ఉంటాం. మీ ఇండ్లలో చుట్టడం తెలిసినవాళ్ళు, లేదా కొన పట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎన్నో చుట్టు దగ్గర జరీ అంచును పైకి తిప్పాలో అడిగి రాయండి. మేం అక్కడే ఆగిపోయినాం.